తెర దగ్గరికి రేగుకొమ్మ

మాజుంగు మా కొట్లో అడుగుపెట్టిందంటే ఆ పూటకి బేరాలు సాగవని మా ఆయన నమ్మకం. ఉప్పు కొనడానికి వచ్చి పై అరలో దుప్పట్లన్నీ దింపించేది. ఒక్కటీ కొనేది కాదు. పైగా, "ఇది కప్పుకుంటే దుప్పటికే చలేస్తుంది మానాయుడూ, పాపం దాని మీద ఇంకోటి కప్పు" అని నన్నే వెక్కిరించేది.

మానాయుడు అంటే నేను. ఇక్కడ పెళ్ళయిన ఆడదాన్ని పుట్టింటివాళ్ళ పేరుకు ముందు 'మా' చేర్చి పిలుస్తారు. జుంగు వంశం ఆడపడుచు మాజుంగు అయినప్పుడు, నాయుడి కూతుర్ని నేను మానాయుడు కాక ఇంకేమవుతాను? మా నాన్న విశాఖపట్నంలో ఓడెక్కి ఈ దక్షిణాఫ్రికాలో నేటాల్ చెరుకు తోటలకు కూలికి వచ్చాడు. నేను ఆ తోటల్లోనే పుట్టాను. పెళ్ళి చేసుకుని ఉమ్జిన్యాతి ఏటి ఒడ్డున, రైలు స్టేషను పక్కనున్న ఈ కొట్టుకు వచ్చాను. ఏటికి ఇవతల మేము, అవతల మాజుంగు వాళ్ళ గుడిసెలు. నా జుట్టు నెరిసేదాకా ఇద్దరం పోట్లాడుకుంటూనే బతికాం. ఆవిడ పోయాక పోట్లాడటానికి నాకు మనిషి లేదు. అందుకే ఇది చెప్పాలనిపించింది.

మాజుంగు మంచి పొడగరి. ముందు పళ్ళ మధ్య సందు ఉండేది, అందులోంచి ఈల వేస్తే ఏటవతలి మేకలు కూడా తలెత్తి చూసేవి. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వరసకు పాట ఎత్తుకునేది ఆవిడే. అలాంటి ఒక పెళ్ళిలోనే బెకీఫా మ్బాతా ఆవిడ కంట పడ్డాడు. "అంతమంది మగాళ్ళు ఆటలో ఒకే అడుగు వేస్తుంటే, ఆయనొక్కడే తప్పు అడుగేసి పక్కవాడి కాలు తొక్కాడు. మరి కంటికి ఆనడా?" అనేది. బెకీఫా నెమ్మదస్తుడు. ఏడాదిలో ఎక్కువ కాలం జోహానెస్‌బర్గ్ బంగారు గనుల్లో ఉండేవాడు, దున్నకాల వేళకి ఇంటికొచ్చేవాడు. వచ్చినన్నాళ్ళూ ఆవిడ మాట్లాడేది, ఆయన వినేవాడు. అంత శ్రద్ధగా పెళ్ళాం మాట వినే మగాణ్ణి నేను మా వాళ్ళలో చూడలేదు, వాళ్ళలోనూ చూడలేదు.

పెద్ద జ్వరాల ఏడు బెకీఫా రాలేదు. ఆయనతో గనిలో పనిచేసిన మనిషి ఒకడు వచ్చి కబురు చెప్పాడు. జ్వరమొచ్చింది, గని ఆసుపత్రికి మోసుకెళ్ళారు, మర్నాడు వెళ్తే మనిషి లేడు. ఏ మంచం మీద పోయాడో, ఏ మట్టిలో పెట్టారో అడిగితే చెప్పిన దిక్కు లేదు. ఆ రోజుల్లో ఒక్క గుంటలో ఎంతమందినో.

ఇంటికి దూరంగా పోయినవాణ్ణి ఇక్కడ అలా వదిలేయరు. ఇంటి పెద్ద రేగుకొమ్మ విరుచుకుని పోయిన చోటికి వెళ్తాడు. మన రేగు జాతే ఇది, ముళ్ళు జంటలుగా ఉంటాయి. కొమ్మను ఆ నేలకి తాకించి, పేరు పెట్టి పిలిచి, రా నాయనా ఇంటికి పోదాం అంటాడు. తిరిగొచ్చే దారంతా కొమ్మ పట్టుకున్న మనిషి ఆ కొమ్మతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు, వెంట నడిచేవాళ్ళు నోరే విప్పకూడదు. ఇంట్లో పెద్దల చోట కొమ్మను పడుకోబెట్టి మేకను కోస్తే, పోయినవాడు ఇల్లు చేరినట్టు. అప్పుడే వాడి పెళ్ళాం మైల విడుస్తుంది.

మ్బాతా వంశం వాళ్ళని గౌరవంగా షందూ అంటారు, బెకీఫా తండ్రినీ అందరూ అలాగే పిలిచేవారు. ముసలాయన కొమ్మ పట్టుకుని రైలెక్కి జోహానెస్‌బర్గ్ వెళ్ళాడు. ఆ జ్వరాల ఆసుపత్రి పాకలు అప్పటికే పీకేశారట. చదును చేసిన నేల చూపించి, ఇందులో ఎక్కడో ఉంటాడు చూసుకోమన్నారట. ముసలాయన కొమ్మ ఎండిపోయేదాకా అక్కడే తిరిగి, ఉత్తి చేతులతో వచ్చాడు. "ఏ మట్టికని తాకించను? ఎవడి కొడుకునో పిలుచుకొస్తే నా కొడుకు ఏమైపోతాడు?" అన్నాడు.

అంతే, మాజుంగు మైల అలాగే ఉండిపోయింది. ఏడాదిలో విడవాల్సిన నల్లబట్ట ఏళ్ళు గడిచినా ఒంటి మీదే. మైలలో ఉన్న మనిషి గొంతెత్తకూడదు, నలుగురిలో కూర్చోకూడదు, పాడకూడదు. మా కొట్టుకి కూడా వెనక కిటికీ దగ్గరికి వచ్చి, గుసగుసగా ఉప్పు అడిగి తీసుకుపోయేది. దుప్పట్లు దింపమనేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"మీ మామ మనసు రాయా? ఇంకెన్నాళ్ళు ఇలా?" అని ఒకసారి అన్నాను.

"మామననకు. ఆయనదీ కన్నకడుపే" అంది. మళ్ళీ తనే, "నా బట్ట సంగతి పోనీ మానాయుడూ. ఆయన ఎక్కడో బయట నిలబడి ఉన్నాడు. ఎటు రావాలో తెలీదు. చలికి ఓర్వలేడు కూడాను" అంది.

ఆ రోజు కిటికీ మూసి చాలాసేపు ఏడ్చాను. నేను ఏడిస్తే ఎవరికి లాభం? అయినా ఏడుపొచ్చింది.

అలాంటి రోజుల్లో కాట్సెన్ వచ్చాడు. ఎక్కడో చలిదేశం నుంచి వచ్చిన యూదుడు. డొక్కు మోటారు బండిలో బయస్కోపు మర పెట్టుకుని ఊరూరా బొమ్మలాడించుకుంటూ బతికేవాడు. స్టేషను పక్క ఉన్ని గోదాములో తెల్లగుడ్డ కట్టి, ఈసారి యుద్ధం బొమ్మ అని చాటించాడు. ఏ యుద్ధమో కాదు, ముసలి షందు పడుచువాడిగా ఉన్నప్పుడు జూలూ రాజు పక్షాన తెల్లవాళ్ళ మీద ఈటె పట్టిన యుద్ధమే. జోహానెస్‌బర్గ్ పక్కన ఏదో బయల్లో గని కూలీలని పోగేసి తీశారట. ఈ మాట వినగానే మాజుంగు వెనక కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. కబురు తెచ్చిన మనిషి అప్పట్లో ఒక మాట చెప్పాడట: జ్వరాలకు ముందు ఒక ఆదివారం మమ్మల్ని యుద్ధం ఆడటానికి తీసుకెళ్ళారు, బెకీఫా కూడా వచ్చాడు, తుపాకీ పేలినప్పుడు పడమంటే పడ్డాడు, తర్వాత మాంసం పెడితే తిన్నాడు, అని.

"ఆయన ఉంటాడేమో" అంది.

"ఉంటే మాత్రం అంత గుంపులో ఎలా కనిపిస్తాడే?" అన్నాను.

"నాకు కనిపిస్తాడు."

ఆ సాయంత్రం తెల్లవాళ్ళందరూ తెర ముందు కుర్చీల్లో కూర్చున్నారు. మమ్మల్ని తెర వెనక నేల మీద కూర్చోబెట్టారు. గుడ్డే కాబట్టి బొమ్మ ఇటూ కనిపిస్తుంది, కాకపోతే కుడి ఎడమవుతుంది. ముందు ఒక చిన్న నవ్వుల బొమ్మ వేశాడు. ఒకడు బల్ల మీంచి నీళ్ళలో దూకుతాడు. కాట్సెన్ మర పిడిని వెనక్కి తిప్పేసరికి, వాడే నీళ్ళలోంచి కాళ్ళు ముందు పెట్టుకుని ఎగిరి బల్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. అటు పిల్లలు, ఇటు పిల్లలు ఒకటే నవ్వు.

తర్వాత యుద్ధం మొదలైంది. ముసలి షందు ముందు వరసలో కూర్చున్నాడు.

"ఏవిటిది? అందరూ ఎడం చేత్తో ఈటె పట్టారు! ఎవడ్రా వీళ్ళకి నేర్పింది?"

"మనం వెనక కూర్చున్నాం షందూ, అందుకని అలా కనిపిస్తోంది" అన్నారు మా ఆయన.

"మరి ఆ మూడోవాడో? డాలుని గొడుగులా పట్టుకున్నాడు. వాడు సోతోవాడు, మా జూలూ జాతే కాదు. ఆ పక్కనున్న ఇద్దరూ పోండోవాళ్ళు. ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ కోతి తోకలు కట్టేసి మేమనుకోమన్నారా? మా పటాలం తలకి కొంగ ఈక ఉండాలి, ఏదీ?"

ఇంతలో రాజు వచ్చాడు. గోదాములో మా వైపు నవ్వులతో దద్దరిల్లింది. ఎవరో తెల్లవాడు, ఒళ్ళంతా మసి పూసుకున్నాడు. ఎండకి చెమట పట్టి మెడ దగ్గర చారలు చారలుగా తెల్లబడుతున్నాడు. "రాజుగారు వెలిసిపోతున్నారు, ఎవరైనా మళ్ళీ ముంచండి" అని ఎవరో అన్నారు. ముసలాయన మాత్రం నవ్వలేదు. బొమ్మలో తెల్ల సిపాయి ఒక్కొక్కడికీ ఒక పేరుంది, పెళ్ళాం ఉంది, వెళ్ళొస్తానని ముద్దు పెట్టడం ఉంది. ఇటువైపు నుంచి వచ్చేవాళ్ళు చీమల బారులా కొండ దిగుతారు, పొగ లేస్తుంది, కుప్పగా పడతారు. లేచి మళ్ళీ దిగుతారు, మళ్ళీ పడతారు.

"మావాళ్ళలో ఒక్కడికైనా పేరు పెట్టారా?" అని ముసలాయన మా ఆయన్ని అడిగాడు.

"లేదు షందూ."

అప్పుడే తెర మీద ఒక తమాషా జరిగింది. తుపాకులు పేలాయి, అందరూ ధబాలున పడ్డారు. ఒక మనిషి మాత్రం పడబోతూ ఆగి, కాలితో నేల మీది రాళ్ళు అటూ ఇటూ ఊడ్చుకుని, చోటు శుభ్రం చేసుకుని, అప్పుడు నింపాదిగా పడుకుని చచ్చిపోయాడు. అటువైపు కుర్చీల్లోంచి పెద్ద నవ్వు. ఇటు కూడా నవ్వారు, నేనూ నవ్వాను.

అందరికీ ఎడంగా చివర గోడవార కూర్చున్న మాజుంగు లేచి నిలబడింది. "అదిగో" అంది. గొంతెత్తకూడని మనిషి అరిచినంత పని చేసింది. "మామా, అదిగో ఆయన. ఎక్కడ పడుకున్నా ముందు కాలితో నేల ఊడ్చుకోనిదే పడుకోడు. మీ ఇంట్లో అలికిన నేల మీద కూడా ఊడ్చుకునేవాడు."

నవ్వులు ఆగిపోయాయి. ముసలాయన తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆయనకీ తెలిసింది, మొహం చూస్తే తెలుస్తోంది.

మర్నాడు పొద్దున్నే మామా కోడళ్ళిద్దరూ ఏరు దాటి మా కొట్టు అరుగు మీదికి వచ్చారు. దారంతా వాదించుకుంటూ వచ్చినట్టున్నారు. మాజుంగు తెర దగ్గరికి కొమ్మ తీసుకెళ్దామంటుంది. ముసలాయన ససేమిరా అంటాడు.

"అది ఉత్తుత్తి చావు. పడ్డాడు, లేచాడు, మాంసం తిన్నాడు. దానికి నిజం కొమ్మ పట్టుకెళ్తే పెద్దలు నవ్విపోరూ?"

"నాకూ తెలుసు మామా, నేనేం పిచ్చిదాన్ని కాదు. నిజంగా పోయిన చోటు చూపించమంటే ఎవరూ చూపించలేదు కదా. ఆయన తన మొహంతో, తన కాళ్ళతో నేల మీద పడుకున్న చోటు నాకు దొరికింది ఇదొక్కటే."

"సరే, తెచ్చామనుకో. రేపు పక్కూరు డండీలో ఈ బొమ్మ మళ్ళీ ఆడతాడు. అక్కడ మళ్ళీ పడతాడు నా కొడుకు. ఇల్లు చేరినవాడు అక్కడెలా చస్తాడు? ఊరూరా వాణ్ణి చంపుతూ ఉంటే నేను ఎన్ని కొమ్మలు విరవను?"

నేనిక ఉండబట్టలేకపోయాను. గోదాము దగ్గర బండి సర్దుకుంటున్న కాట్సెన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. సంగతంతా చెప్పి, ఆ బొమ్మ ఇంకెక్కడా ఆడించొద్దన్నాను. ఆయన లబోదిబోమన్నాడు. ముక్కలు ముక్కలుగా జూలూ మాట్లాడేవాడు.

"అమ్మా, నా పొట్ట ఇదే. ఇది ఆపితే నేను ఏం తినాలి, మర తినాలా?"

"అయితే మనిషిని ఊరూరా చంపుకుంటూ తిరుగు!"

"నేనా చంపింది? నేను పిడి తిప్పేవాణ్ణి!"

అప్పుడు మాజుంగు తలెత్తింది. "నిన్న నీళ్ళలో దూకినవాణ్ణి మళ్ళీ బల్ల మీదికి రప్పించావు చూడు. అలాగే మావారిని లేపగలవా?"

"లేపొచ్చు" అన్నాడు కాట్సెన్ మెల్లగా.

"లేచి మాతో ఇంటికొచ్చేస్తే ఇంకేం మామా? ఆ తర్వాత డండీలో పడేది ఆయన నీడ. నీడ ఎన్నిసార్లు పడ్డా దెబ్బ తగలదు."

"ఇక్కడ పడింది మాత్రం నీడ కాదూ?"

"కొమ్మ తాకించకుండా ఏది నీడో ఏది మనిషో ఎలా తెలుస్తుంది? అక్కడ మీరు తాకించలేకే కదా తిరిగొచ్చేశారు."

అనకూడని మాటే. మామగారి మొహం మీద అనకూడని మాట. ముసలాయన కర్ర ఊతం పట్టుకుని లేచి, స్టేషను వెనక గుట్ట మీదికి నడిచాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో పచ్చి రేగుకొమ్మ ఉంది, వేళ్ళకి ముళ్ళు గీరిన రక్తం ఉంది.

మధ్యాహ్నం గోదాము కిటికీలకి గోనెపట్టాలు కట్టి చీకటి చేశారు. ఈసారి కుర్చీల్లేవు, తెల్లవాళ్ళు లేరు. మేమే తెరకి ముందు కూర్చున్నాం. ఈటెలు కుడిచేతుల్లోకి వచ్చాయి. కాట్సెన్ టోపీ పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, తన ఊళ్ళో తల్లి పోతే వెళ్ళలేకపోయాననీ, ఇలాంటి పనికి తమవాళ్ళూ తల కప్పుకుంటారనీ అన్నాడు.

యుద్ధం బొమ్మ ఆ ఘట్టందాకా తిప్పాడు. బెకీఫా రాళ్ళు ఊడ్చుకుని పడుకున్నాడు. అక్కడ మర ఆపాడు. ముసలాయన తెర దగ్గరికి వెళ్ళి, కొమ్మను గుడ్డ మీద, కొడుకు పడి ఉన్న చోట తాకించాడు. కాట్సెన్ పిడిని వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు.

"బెకీఫా! షందూ! నేను మీ నాన్నని, వచ్చాను. మీ ఆవిడ వచ్చింది. లే నాయనా, ఇంటికి పోదాం."

పొగ తుపాకుల్లోకి వెళ్ళిపోయింది. బెకీఫా కదిలాడు. నింపాదిగా లేచాడు. లేచి, ఊడ్చిన రాళ్ళని కాలితో ఎక్కడివక్కడ సర్దేశాడు. గోదాములో ఎవరికీ నవ్వు రాలేదు. చుట్టూ పడ్డవాళ్ళందరూ ఒక్కొక్కరే లేస్తున్నారు, సోతోవాడూ, పోండోవాళ్ళూ, గొడుగులా డాలు పట్టినవాడూ. ముసలాయన కొమ్మ తీయబోయి, మళ్ళీ ఆగాడు.

"మీ పేర్లు నాకు తెలీవు నాయనలారా. ఎవరి పిల్లలో తెలీదు. ఆ జ్వరాల్లో మీలో ఎంతమంది పోయారో, మీకోసం కొమ్మ తెచ్చేవాళ్ళున్నారో లేరో. లేకపోతే మా వెనకే రండి. ఎవరి ఊరి దారి వచ్చినప్పుడు వాళ్ళు మళ్ళిపోండి" అన్నాడు.

అందరూ కొండ మీదికి వెళ్ళిపోయారు. తెర మీద ఉత్త గడ్డి మిగిలింది. నా పక్కన మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ దుమ్ము పడిందన్నారు. నేను ఏడుస్తున్నానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు, వెక్కివెక్కి ఏడ్చాను.

ముసలాయన కొమ్మ గుండెకి పట్టుకుని బయటికి నడిచాడు. ఎవరూ పలకరించలేదు. మాజుంగు వెనక, ఆవిడ వెనక నేను. నోరు కట్టుకుని అంత దూరం నడవడం నా జన్మలో అదే మొదలు. ఏటి దగ్గరికి వచ్చేసరికి ముసలాయన ఆగి, కొమ్మతో అన్నాడు: "నాయనా, నా కాళ్ళు వణుకుతున్నాయి. ఇక్కణ్ణించి నీ పెళ్ళాం పట్టుకుంటుంది. నీకు తన మాటలంటేనే ఇష్టం." అని కొమ్మను కోడలి చేతిలో పెట్టాడు.

ఆవిడ నీళ్ళలో దిగుతూనే, "రాళ్ళు నాచు పట్టాయి, చూసుకో" అంది. అంతే, ఇక ఆగలేదు. కూతురు దుదుకి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాయనీ, అచ్చం నీలాగే కాలితో నేల ఊడ్చుకుని పడుకుంటుందనీ, ఎర్రావు ఈనిందనీ, పోయినేడు వాన లేదనీ. ఇన్నేళ్ళ గుసగుసలన్నీ ఒక్కసారి గొంతెత్తి చెప్పేసింది. "ఈ మానాయుడు కూడా వస్తోంది చూడు. మాట్లాడటానికి లేక చచ్చిపోతోంది. దాని మొహం చూడు, పొంగే కుండ మీద మూతలా ఎలా అదురుతోందో!" అంది. తిరిగి ఒక్క మాట అనడానికి లేదు నాకు.

గుడిసె ముందు దుదు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది. గుంజకి మేక కట్టి ఉంది. మాజుంగు కొమ్మ పైకప్పుకి గీరుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, పొట్టి గుమ్మంలోకి వంగింది.

"లోపలికి రా" అంది. "ఇక మీదట ఎవరు పడమన్నా పడకు."